నిలబడి ఎగిరినవాడు

బెర్లిన్‌లో ఆ రాత్రి ఆట 104వ నిమిషానికి వచ్చింది. ఇటలీ ఒకటి, ఫ్రాన్స్ ఒకటి. 2006 ప్రపంచ కప్ ఫైనల్. కాళ్లు బరువెక్కాయి, ఊపిరులు బరువెక్కాయి, స్టేడియంలో కూర్చున్న దాదాపు డెబ్బై వేలమందికి గుండెలూ బరువెక్కాయి. జిదాన్ బంతిని కుడివైపు సాన్యోల్‌కి అందించి, తాను గోల్ ముందుకి సాగిపోయాడు. సాన్యోల్ బంతిని ఎత్తాడు. అది వంపు తిరిగి, నింపాదిగా, వెతుక్కుంటూ వచ్చినట్టు జిదాన్ నుదుటి దగ్గరికే దిగింది. ఆ దెబ్బలో గురి ఉంది, బలం ఉంది, ఆ మనిషి జీవితంలోని ఆఖరి మ్యాచ్ తాలూకు తపన అంతా ఉంది. గోల్ అని అరవడానికి ఒక దేశం నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు ఒక నిలువెత్తు దేహం విల్లులా వెనక్కి వంగి లేచింది. ఒక్క అరచెయ్యి బంతిని క్రాస్‌బార్ మీదుగా అవతలికి పంపేసింది. అంతే! జిదాన్ ఆకాశంలోకి చూసి గొంతు చించుకుని అరిచాడు. ఆహా, ఆ అరుపు! జియాన్‌లుయిజీ బఫన్ అనే గోల్‌కీపర్‌కి ఎన్నో పతకాలు వచ్చాయి కానీ, అంతటి ప్రశంస ఇంకొకటి రాలేదు.

ఆ దృశ్యం దొరికితే నెమ్మదిగా తిప్పి చూడండి. మొదటిసారి అందరి కళ్లూ ఆ అరచేతి మీదికే పోతాయి. పోనివ్వండి. రెండోసారి మాత్రం కాళ్లను చూడండి. బంతి సాన్యోల్ కాలు వదిలినప్పటి నుంచి బఫన్‌లో ఆత్రం లేదు, ఊగిసలాట లేదు. చిన్న అడుగులు, పొదుపైన అడుగులు, తన చోటేదో తాను తేల్చుకునే అడుగులు. నుదుటికి బంతి తగిలేవరకూ అతను నేలను వదల్లేదు. ఎగరడం ఆ తర్వాత వచ్చింది. ఎంత తర్వాత అంటే రెప్పపాటులో సగం! బఫన్ అందమంతా నాకు ఆ సగం రెప్పపాటుకు ముందున్న నిలకడలోనే దొరుకుతుంది. ఎగిరే గోల్‌కీపర్లు లోకంలో చాలామంది ఉన్నారు. నిలబడి, ఇంకా నిలబడి, ఇక నిలబడటానికి వీల్లేని చివరి క్షణందాకా నిలబడి, అప్పుడు మాత్రమే ఎగిరేవాళ్లు బహు తక్కువ.

గోల్ కొట్టేవాడి ఆటను ఆస్వాదించడం తేలిక. పరుగు కనిపిస్తుంది, గురి కనిపిస్తుంది, వల ఊగడం కనిపిస్తుంది. అది వీరం, దానికి జయజయధ్వానాలు సిద్ధంగానే ఉంటాయి. గోల్‌కీపర్ పనంతా జరగబోయినదాన్ని జరగనివ్వకపోవడమే. అందుకని అతని కళను రుచి చూడాలంటే ప్రేక్షకుడు కొంచెం కష్టపడాలి. ముందు భయపడాలి, ఆ భయం పూర్తిగా పండాలి, పండిన చోటే పగిలి అద్భుతం బయటపడాలి. భయానకం నుంచి అద్భుతానికి ఒక్క గెంతు! నడుమ ఆలోచనకి చోటు లేదు. గొప్ప సేవ్ చూసినప్పుడు మనకు వెంటనే చప్పట్లు కొట్టాలనిపించకపోవడానికి అదే కారణమేమో. ముందు ఒక నవ్వు వస్తుంది, గారడీవాడి ముందు పిల్లలు నవ్వే నవ్వు. బఫన్ ఆ నవ్వును ఇరవై ఎనిమిదేళ్లపాటు జనం మొహాల మీదికి తెప్పించాడు.

అతను పుట్టింది 1978 జనవరి 28న, కరారాలో. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో పాలరాతి కొండల ఊరు. దూరం నుంచి చూస్తే కొండలమీద మంచు పడిందనుకుంటారు, దగ్గరికి పోతే అంతా రాయే. మైకలాంజెలో తన శిల్పాలకు రాయి ఎంచుకోవడానికి ఆ గనులకే వెళ్లేవాడు. బఫన్ తల్లి డిస్కస్ విసిరే క్రీడాకారిణి, తండ్రి బరువులెత్తేవాడు, అక్కలిద్దరూ వాలీబాల్ ఆడారు. బరువును ఎత్తే తండ్రి, బరువును విసిరే తల్లి, కింద పడబోయే బంతిని పడనివ్వని అక్కలు! గురుత్వాకర్షణతో ఆ ఇంటికి తరతరాల తగాదా ఏదో ఉన్నట్టుంది. ఆ తగాదాని ఈ చివరివాడు గోల్ ముందుకి తెచ్చాడు.

తెచ్చినవాడు మొదట గోల్‌కీపర్ కాడు, మిడ్‌ఫీల్డర్. 1990 ప్రపంచ కప్ ఇటలీలోనే జరిగింది. స్వదేశపు గోలీ వాల్టర్ జెంగా ఆ పోటీలో 517 నిమిషాలపాటు గోల్ ఇవ్వకుండా కొత్త రికార్డు పెట్టాడు. ఇటలీ పిల్లలంతా జెంగా కావాలనుకున్న వేసవి అది. పన్నెండేళ్ల బఫన్ మనసు మాత్రం కామెరూన్ గోల్‌కీపర్ తోమాస్ ఎన్‌కోనో దోచుకుపోయాడు. మారడోనా ఉన్న అర్జెంటీనాని మొదటి మ్యాచ్‌లోనే 1-0తో మట్టి కరిపించిన జట్టుకి కాపలాదారు. ఎండాకాలంలోనూ పొడుగు ప్యాంటు, బంతిని పిడికిలితో కొడితే మైదానం సగం దాకా పోతుందా అనిపించే జోరు, ముఖంలో పండగ. గోల్ కాపాడటం శిక్ష కాదని, అదొక ఉత్సవమని ఆ మొహం చూసే ఈ పిల్లవాడికి తెలిసివుండాలి. పెద్దయ్యాక తన మొదటి కొడుకు పేరులో తోమాస్ అని చేర్చుకున్నాడు. గురుదక్షిణ అంటే అదీ!

పార్మా జట్టు అతన్ని పదమూడో ఏట చేరదీసింది. 1995 నవంబర్ 19న తార్దీని స్టేడియంలో మిలాన్ జట్టు ఎదుట కోచ్ నేవియో స్కాలా ఆ పదిహేడేళ్ల కుర్రాణ్ని గోల్‌లో నిలబెట్టాడు. అటువైపు ఎవరు? రాబెర్తో బాజ్జో, జార్జ్ వియా. ఆ ఏడాది బాలన్ డోర్ వియాదే. ఆ పూట బాజ్జో కొట్టిందీ ఆగింది, వియా కొట్టిందీ ఆగింది, మ్యాచ్ 0-0తో ముగిసింది. ఆ పాత దృశ్యాల్లో బఫన్ మొహం చూస్తే ముచ్చటేస్తుంది. కొత్తపెళ్లికొడుకు బిడియం ఏ కోశానా లేదు. భయం తెలియకపోవడం వేరు, భయపడటానికి తీరిక లేకపోవడం వేరు. అతనిది ఆ రెండోది. ఎత్తుగా వచ్చిన బంతిని గుంపు మధ్యలోంచి పెరటి చెట్టు మామిడిపండు కోసినట్టు అందుకుని, గుండెకి హత్తుకుని, లేచి అటూ ఇటూ చూస్తాడు. ఇంకేముంది, పంపండి అన్నట్టు!

ఇంకో రెండేళ్లకి మాస్కో. 1997 అక్టోబర్ 29. ప్రపంచ కప్‌కి వెళ్లేదెవరో తేల్చే ప్లేఆఫ్, మంచు కురుస్తున్న మైదానం. గోల్‌లో ఉన్న పాల్యూకాకి దెబ్బ తగిలి బయటికి పోవలసివచ్చింది. పందొమ్మిదేళ్ల బఫన్ దేశం తరఫున తొలిసారి దిగింది ఆ మంచులోకే. పట్టు దొరకని తెల్లని నేలమీద అడుగు ఎలా వెయ్యాలో ఎవరికీ తెలియని సాయంత్రం, అతని పాదాలకు మాత్రం తెలిసినట్టే ఉంది. ఆరోజు అతన్ని దాటిపోయిన ఒకే ఒక్క బంతి సొంత డిఫెండర్ కన్నవారోది. 1-1. తొమ్మిదేళ్ల తర్వాత ఆ కన్నవారోయే కెప్టెన్‌గా బెర్లిన్‌లో కప్పు ఎత్తుతాడని అప్పుడెవరనుకున్నారు!

పార్మా రోజుల్ని తలుచుకుంటే నోరూరుతుంది. ముందు కన్నవారో, పక్కన తురామ్, వెనక బఫన్. అదే మాస్కోలో 1999లో మార్సెయ్ జట్టును 3-0తో ఓడించి యుయెఫా కప్ గెలిచారు. ఆ కాలంలోనే ఒకసారి జెర్సీ కింద సూపర్‌మ్యాన్ టీషర్టు తొడుక్కుని చూపించాడు. ఆ పేరు అతుక్కుపోయింది. ముద్దుపేరు మాత్రం జీజీయే. 2001లో జువెంటస్ అతన్ని కొన్నప్పుడు, యూరోల లెక్కన ఐదు కోట్లకు పైనే ఇచ్చింది. ఆ ధరను ఇంకో గోల్‌కీపర్ దాటడానికి పదిహేనేళ్లు పైగా పట్టింది. చిత్రమేమిటంటే, అదే వేసవిలో జువెంటస్ జిదాన్‌ని మాడ్రిడ్‌కి అమ్ముకుంది. ఒకడు వెళ్లిన గుమ్మంలోంచే ఇంకొకడు వచ్చాడు. ఆ ఇద్దరి లెక్క బెర్లిన్‌లో తేలింది.

2003 మే నెలలో మాంచెస్టర్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్‌ని చాలామంది చప్పటి ఆట అంటారు. నేను ఒప్పుకోను. మిలాన్, జువెంటస్ రెండూ ఇటలీ జట్లే, రెండింటికీ ఆపడమే మతం. ఆ మతానికి అదొక మహోత్సవం. మొదట్లోనే ఇంజాగీ ముందుకి దూకి తలతో కొట్టిన బంతి గోల్‌లోకి పోయిందనే అనుకున్నాం. నేలకు జానెడెత్తున ఆ చెయ్యి ఎక్కడినుంచి వచ్చింది? దేహం అంత పొడుగున్నవాడు అంత కిందికి, అంత త్వరగా ఎలా దిగాడు? కూలిపోతున్నట్టు కనబడుతూ, కూలడంలోనూ క్రమం తప్పకుండా, ముందు చెయ్యి, తర్వాత భుజం, ఆ తర్వాత నడుము. రాలడంలో ఇంత లాలిత్యమా! ఆట 0-0 దగ్గరే ఆగింది. పెనాల్టీల్లో బఫన్ ఇద్దరిని ఆపాడు, సేడోర్ఫ్‌ని, కలాద్జేని. అవతల దీదా ముగ్గుర్ని ఆపాడు. షెవ్‌చెంకో ఆఖరి బంతి వేసి మిలాన్‌ని గెలిపించాడు. ఆ ఏడాది యుయెఫా ఉత్తమ క్లబ్ ఆటగాడి బహుమతి బఫన్‌కే వచ్చింది. కప్పు రాలేదు.

ఆ తర్వాతి శీతాకాలం అతని మనసు మబ్బు పట్టింది. పాతికేళ్లవాడు, డబ్బుంది, పేరుంది, మైదానంలోకి వెళ్లబోయే ముందు ఊపిరాడదు, కాళ్లు వణుకుతాయి. కుంగుబాటు అంటారే, అది. ఇటలీ ఫుట్‌బాల్‌లో మగవాళ్లు అలాంటి మాట బయటికి చెప్పుకునే రోజులు కావవి. అతను 2008లో ఆత్మకథ రాసి బయటపెట్టేశాడు. ఆ చీకటి రోజుల్లోనే టూరిన్‌లో మార్క్ షగాల్ చిత్రాల ప్రదర్శన చూడబోయానని, అక్కడ ఒక బొమ్మ ముందు ఆగిపోయానని, మర్నాడు మళ్లీ వెళ్లి దాన్నే చూశానని తర్వాత ఒకచోట రాసుకున్నాడు. ఆ బొమ్మ పేరు విహారం. దాన్ని కాసేపు మనమూ చూద్దాం.

పచ్చటి ఊరు. చిన్నచిన్న ఇళ్లు, గడ్డిమీద పరిచిన ఎర్రని దుప్పటి, దానిమీద ద్రాక్షసారా కూజా. నల్ల సూటు వేసుకున్న చిత్రకారుడు నేలమీద కాళ్లు ఆనించి నిలబడి నవ్వుతున్నాడు. ఒక చేతిలో చిన్న పిట్ట. రెండో చెయ్యి పైకెత్తి భార్య బెల్లా చేతిని పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం నేలమీద లేదు! గులాబీ వంగపండు కలిసిన రంగు గౌనుతో గాల్లోకి లేచిపోయి, జెండాలా అడ్డంగా తేలిపోతోంది. ఇద్దరికీ ఇందులో వింతేమీ తోచినట్టు లేదు. ఒకరు నిలబడ్డారు, ఒకరు ఎగిరారు, మధ్యలో రెండు చేతులు కలిశాయి. వేరే ఎవరికైనా ఇది ప్రేమచిత్రం. ఒక గోల్‌కీపర్ దీని ముందు నిలబడితే ఏం చూస్తాడు? తన పనే కదా అది! సగం దేహం నేలది, సగం దేహం గాలిది, రెండింటినీ కలిపేది చాచిన ఒక్క చెయ్యి. అతను అలా అన్నాడని కాదు, నాకు అలా తోస్తుంది. బెర్లిన్‌లో జిదాన్ బంతికి అడ్డు లేచిన ఆ దేహాన్ని ఎప్పుడు చూసినా ఈ బొమ్మ పక్కనే కనబడుతుంది.

బెర్లిన్ దాకా ఎలా వచ్చాడో చూడండి. ఆ ప్రపంచ కప్ మొత్తంలో అతని గోల్‌లో పడినవి రెండే రెండు. ఒకటి అమెరికాతో ఆటలో సొంత జట్టు జక్కార్దో పొరపాటున వేసుకున్నది. రెండోది ఫైనల్లో జిదాన్ పెనాల్టీ. అంటే ఆటలో ఎదురుపడి బంతి కొట్టిన ఏ ప్రత్యర్థికీ లొంగలేదు! డోర్ట్‌మండ్‌లో జర్మనీతో సెమీఫైనల్, అదనపు సమయం, స్టేడియమంతా జర్మనీయే. పొడోల్‌స్కీ దగ్గరినుంచి పేల్చిన బంతిని పైకి తోసేశాక బఫన్ మొహంలో గర్వం కనిపించదు, చిరాకు కనిపిస్తుంది. వీణ్ని ఇంత దగ్గరికి ఎందుకు రానిచ్చారని డిఫెండర్లమీద చిరాకు! తన కళ అవసరం పడటమే అతనికి ఇష్టంలేదు. గోల్‌కీపర్లలో ఉత్తములకే ఉంటుంది ఆ గుణం.

ఫైనల్లో ఇటలీ గెలిచింది షూటౌట్‌లో. అందులో బఫన్ ఒక్కటీ ఆపలేదన్న సంగతి చాలామందికి గుర్తుండదు. ఫ్రాన్స్ తరఫున ఒకే బంతి తప్పింది. అది క్రాస్‌బార్‌కి కొట్టుకుని కింద పడింది. కొట్టినవాడు త్రెజెగే, జువెంటస్‌లో బఫన్‌కి సహచరుడు. రోజూ ప్రాక్టీసులో ఒకరి బంతిని ఒకరు చదువుకున్నవాళ్లు ప్రపంచ కప్ ఆఖరి ఘట్టంలో పన్నెండు గజాల దూరంలో ఎదురెదురుగా నిలబడటం! ఏ నాటకకర్తకి సాహసం చాలుతుంది అలా రాయడానికి?

అసలు నాటకం ఆ తర్వాతే ఉంది. ఫైనల్ ముగిసిన ఐదు రోజులకి, రెఫరీల నియామకాల కుంభకోణంలో జువెంటస్‌ని రెండో శ్రేణి లీగ్‌కి దించుతూ తీర్పు వచ్చింది. కన్నవారో వెళ్లిపోయాడు, తురామ్ వెళ్లిపోయాడు, జంబ్రోత్తా, ఇబ్రహిమోవిచ్ వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టలేం, ఆటగాడి వయసు ఎవరికోసం ఆగుతుంది? దెల్ పియెరో ఉన్నాడు, నెద్వేద్ ఉన్నాడు, కమొరనేసీ, త్రెజెగే ఉన్నారు. లోకంలో ఏ జట్టైనా తలుపు తీసి పిలిచే వయసులో, మెడలో ప్రపంచ కప్ పతకంతో, బఫన్ ఉండిపోయాడు. జులై 9న బెర్లిన్. సెప్టెంబర్ 9న జువెంటస్ ఎక్కడ ఆడింది? రిమినిలో! సముద్రపొడ్డున సెలవులకి పోయే ఊరు అది. ఆ మ్యాచ్ 1-1. పాయింట్ల పట్టికలో సున్నా కంటే కింద మొదలుపెట్టిన జట్టు, ఆ ఏడాది చివరికి మళ్లీ పై లీగ్‌కి ఎక్కింది. ఆ ఉండిపోవడాన్ని కూడా నేను సేవ్‌ల లెక్కలోనే వేస్తాను.

జనం అతన్ని ఆరాధించడం ఎప్పటినుంచో ఉంది కానీ, సొంతమనిషి అనుకోవడం మొదలైంది అప్పటినుంచి. ఇటలీకి గోల్‌కీపర్లు కొత్తకాదు. 1934లో కోంబీ, 1982లో దీనో జోఫ్, ఇద్దరూ కెప్టెన్లుగా ప్రపంచ కప్ ఎత్తినవాళ్లు. నలభై ఏళ్ల జోఫ్, బ్రెజిల్‌తో ఆటలో ఆస్కార్ తలతో కొట్టిన బంతిని గీతమీద నొక్కిపట్టిన తీరు ఇప్పటికీ పాఠంలా చూపిస్తారు. జోఫ్ అందం మౌనం. మొహంమీద ఒక్క గీత కదలదు. బఫన్‌ది పూర్తిగా వేరే రాగం. జాతీయగీతం మొదలయ్యేసరికి కళ్లు మూసుకుంటాడు, మెడనరాలు తేలేలా పాడతాడు. గెలిస్తే ఊగిపోతాడు, ఓడితే దాచుకోడు. 2012 యూరోలో జర్మనీని ఓడించి ఫైనల్ చేరిన రాత్రి జట్టంతా ఎగిరి గంతులేస్తుంటే, చివర్లో అలసత్వం చూపించారన్న కోపంతో విసవిసా లోపలికి నడిచిపోయాడు. ఇలాంటి మనిషిని ప్రేమించకుండా ఎలా ఉంటాం చెప్పండి! గోల్ దగ్గర అంత నిబ్బరం, గుండె దగ్గర అంత తొందర. లోపలి తుఫానంతా మొహంలోకి పోతుంది గనకనే పాదాలు అంత ప్రశాంతంగా ఉండగలిగాయని నా అనుమానం.

తప్పులు లేవా? ఉన్నాయి. 2012 మే నెలలో టైటిల్ చేతికందే వేళ, లెచ్చే జట్టుతో ఆటలో కాలి దగ్గరికి వచ్చిన మామూలు బంతిని జార్చుకున్నాడు. బెర్తొలాచ్చీ వచ్చి గోల్ వేసుకుపోయాడు. ఆ ఒక్క క్షణం ఆ మహాకాయుడు బడిలో పలక పగలగొట్టుకున్న కుర్రాడైపోయాడు. నాలుగు రోజులకి జువెంటస్ చాంపియన్ అయింది, ఆ ఏడాది లీగ్‌లో ఒక్క ఓటమి లేకుండా. ఆ తర్వాత వరసగా టైటిళ్లు. బార్జాలీ, బొనుచ్చీ, కియెల్లీనీ ముందు నిలిస్తే, వెనక ఇతను. 2016లో ఆ నలుగురూ కలిసి 970 నిమిషాలకు పైగా లీగ్‌లో గోల్ పడనివ్వలేదు. సెబాస్తియానో రోస్సీ పేరుమీద ఉన్న 929 నిమిషాల రికార్డు చెరిగిపోయింది. మార్చి 20న టూరిన్ నగరపు సొంత పోరులో బెలోత్తీ పెనాల్టీతో గాని ఆ తలుపు తెరుచుకోలేదు. రికార్డు వచ్చాక అతను ఏంచేశాడో తెలుసా? గోల్‌కే ఉత్తరం రాశాడు! తాను కాపలా కాసిన ఆ మూడు కొయ్యలకు, ప్రేయసికి రాసినట్టు. నిన్ను కాపాడటానికే నీవైపు వీపు తిప్పి నిలబడ్డానన్న అర్థం వచ్చేలా సాగుతుంది ఆ రాత. ఫుట్‌బాల్‌లో విరహం రాసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా!

ఇక 2017 నవంబర్ 13. మిలాన్‌లోని సాన్ సీరో. స్వీడన్‌ని గెలవకపోతే 1958 తర్వాత తొలిసారి ప్రపంచ కప్‌కి ఇటలీ దూరం. ఆట మొదలుకాకముందే స్వీడన్ గీతం వినిపిస్తుంటే సొంత అభిమానులు ఈలలు వేశారు. వరసలో నిలబడ్డ బఫన్ ఆ ఈలలకు ఎదురుగా రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టాడు. పెద్ద పెద్ద తొడుగులు వేసుకున్న చేతులు, వాటికి సరైన చప్పుడు కూడా రాదు. ఆ రాని చప్పుడు ఎంత దూరం వినిపించింది! నలభైకి చేరువైన మనిషి, ఆరో ప్రపంచ కప్ జట్టులో నిలవాలన్న ఆశ, ఒంటిమీద ఎంతో బరువు. అయినా అవతలివాడి పాటకి మర్యాద ఇవ్వాలన్న స్పృహ పోలేదు. ఆట 0-0. చివరి నిమిషాల్లో గోల్ వదిలేసి కార్నర్ కోసం అవతలి పెనాల్టీ బాక్స్‌లోకి పరుగెత్తాడు. జీవితమంతా నిలబడిన చోటు వదిలి పరుగెత్తాడు! ఫలితం లేకపోయింది. కెమెరా ముందు కన్నీళ్లు ఆగలేదు, వాటిని ఆపే ప్రయత్నమూ చెయ్యలేదు. తనకోసం కాదు, ఇటలీ ఫుట్‌బాల్ కోసం బాధపడుతున్నానన్నాడు. ఇది కరుణరసం పరాకాష్ట, ఇంతకంటే దానికి వ్యాఖ్య అనవసరం.

చాంపియన్స్ లీగ్ అతనికి దక్కలేదు. 2003లో మిలాన్, 2015లో బార్సిలోనా, 2017లో రియల్ మాడ్రిడ్, మూడు ఫైనళ్లూ పోయాయి. 2018 ఏప్రిల్‌లో మాడ్రిడ్‌లోనే జువెంటస్ మూడు గోల్స్ వేసి లెక్క సమం చేశాక, ఆట అయిపోతుందనగా పెనాల్టీ ఇచ్చారు. బఫన్ రెఫరీ మీద విరుచుకుపడ్డాడు, ఎర్రకార్డు తిన్నాడు, తర్వాత రెఫరీ గుండె స్థానంలో చెత్తబుట్ట ఉందన్నాడు. ఆ మాట అనకూడనిది. కోపంలో అన్నా అనకూడనిదే. ఆ కప్పు లేకపోవడమే అతని కథకి అందమని కొందరు అభిమానులు అంటుంటారు. నాకా మాట గిట్టదు. లోటు లోటే, దానికి పూలు చుట్టక్కరలేదు. ఆ కప్పు అతని చేతుల్లో ఉంటే ఎంత బాగుండేది!

చివరి అంకం త్వరగా చెప్పుకోవచ్చు. పారిస్‌లో ఒక ఏడాది, మళ్లీ జువెంటస్. 2020 జులైలో ఇటలీ అగ్రశ్రేణి లీగ్‌లో 648వ మ్యాచ్ ఆడి పావొలో మల్దీని రికార్డు దాటాడు. చివరికి ఆ లెక్క 657 దగ్గర ఆగింది. దేశం తరఫున 176 మ్యాచ్‌లు, ఇటలీలో ఇంకెవరికీ అన్ని లేవు. 2021లో ఇటలీ కప్ గెలిచినప్పుడు జట్టులో ఫెదెరికో కియేజా ఉన్నాడు. 1999లో పార్మాలో బఫన్‌తో కలిసి అదే కప్పు గెలిచిన ఎన్రీకో కియేజా కొడుకు! తండ్రితోనూ కొడుకుతోనూ ఒకే కప్పు పంచుకున్న గోల్‌కీపర్‌ని తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఆ తర్వాత మొదలుపెట్టిన పార్మాకే, అదీ రెండో శ్రేణిలో ఉన్న పార్మాకే తిరిగివెళ్లి, 2023 ఆగస్టులో నలభై అయిదేళ్ల వయసులో తొడుగులు విప్పాడు. కొద్దిరోజులకే జాతీయజట్టు వెంట నడిచే పెద్దరికం అప్పగించారు. అంతకుముందు ఆ బాధ్యత జియాన్‌లూకా వియాల్లీది, కేన్సర్‌తో ఆ ఏడాది మొదట్లోనే కన్నుమూశాడు.

ఇంతసేపూ నిలకడ నిలకడ అన్నాను కదా, ఒక్కటి చూపించాలి. 2016 యూరోలో లియోన్ నగరంలో ఇటలీ బెల్జియంని 2-0తో ఓడించింది. ఎవరూ నమ్మకం పెట్టుకోని ఇటలీ అది. ఆట ముగియగానే ముప్పై ఎనిమిదేళ్ల కెప్టెన్ బఫన్, గెలిచినప్పుడల్లా చేసే పని చెయ్యడానికి గోల్ వైపు పరుగెత్తాడు. క్రాస్‌బార్ పట్టుకుని ఊగడం అతనికి అలవాటు. పరుగెత్తాడు, ఎగిరాడు, చేతులు చాచాడు. పట్టు తప్పింది! లోకంలోకెల్లా నమ్మదగిన చేతులు, ఎన్నెన్ని బంతుల్నో పట్టిన చేతులు, కదలకుండా ఉన్న కొయ్యను పట్టుకోలేకపోయాయి. దబ్బున వెల్లకిలా పడ్డాడు. ఒక్క క్షణం చూసేవాళ్లకి గుండె ఆగినంత పనైంది. ఏమీ పట్టనట్టు లేచి, అభిమానుల వైపు పోయి మళ్లీ సంబరంలో పడిపోయాడు. బెర్లిన్ సేవ్ చూశాక తప్పకుండా ఈ పడటం కూడా చూడండి, రెండూ వెంటవెంటనే.